చిన్న సీసాలో మిగిలిన మూడు డోసులు

"సిస్టర్, మీరు నాకేసింది ఏ సూది?"

ఆపా ఈ మాట అడిగినప్పుడు నేను పసిపిల్లల టీకా కార్డులు సర్దుతున్నాను. ఆ రోజు బుధవారం, చంటిబిడ్డల రోజు. ఏడుపులు అప్పుడే తగ్గి, తల్లులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆపా వాళ్లందరూ పోయేదాకా గోడవారన నిలబడి, ఆ తరువాత వచ్చి నా ముందు ఫోను పెట్టింది.

ఫోనులో ఒక ఫొటో ఉంది. పైన అరబ్బీ, కింద ఇంగ్లిషు. నాలుగైదు టీకాల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటి మేడం పంపిందట. తమ దేశంలోకి రావాలంటే ఈ పేర్లలో ఏదో ఒకటి వేయించుకుని ఉండాలని, రాగానే ఫోనులో ఆ వివరం పచ్చగా కనిపించాలని చెప్పిందట.

నేను ఒకసారి చదివాను. ఇంకోసారి వేలు పెట్టి చదివాను. ఆపాకి నేను వేసిన టీకా పేరు అందులో లేదు.

నేను కోట మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉండే ఒక ప్రభుత్వాసుపత్రిలో ఏఎన్‌ఎంని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పుట్టిన బిడ్డకు మొదటి సూది నుంచి గర్భిణులకు వేసే ధనుర్వాతం సూది దాకా ఈ చుట్టుపక్కల పల్లెల్లో నా చేతి సూది పడని భుజం తక్కువ. టీకా పని చేస్తుందా లేదా అని అడిగినవాళ్లున్నారు. జ్వరం వస్తుందా అని భయపడ్డవాళ్లున్నారు. టీకా చెల్లదని చెప్పిన మనిషి మాత్రం ఇంతకుముందు ఒక్కరూ లేరు. డబ్బు నోటు చెల్లకపోవడం విన్నాను. ఒంట్లోకి ఎక్కిన మందు చెల్లకపోవడం అదే మొదలు.

ఆపా అంటే అక్క. ఊరంతా అలాగే పిలిచే ఈమె మా బజారులో టైలరు గారి భార్య. నాకంటే ఐదారేళ్లు పెద్దది. పన్నెండేళ్లుగా కువైట్‌లో ఒకే ఇంట్లో వంట చేస్తోంది. ఆ ఇంటి పిల్లలు ఆమె చేతి ముద్ద తిని పెరిగారు. రెండేళ్లకొకసారి సెలవు మీద వస్తే నాకు ఒక సబ్బు, ఒక సెంటు సీసా తెచ్చేది. ఆ చలికాలంలో భర్తకు కంటి ఆపరేషన్ ఉందని వచ్చింది. తిరిగి వెళదామనుకునే లోపల రెండోసారి జబ్బు చెలరేగి విమానాలు ఆగిపోయాయి.

ఆమె చెబుతుంటేనే అక్కడి సంగతులు నాకు తెలిశాయి. అక్కడ టీకాలు మనకంటే ముందే మొదలయ్యాయట. ఊరికంతటికీ ఒకటే పెద్ద హాలు. సంతలు, ఎగ్జిబిషన్లు జరిగే చోటు. ముందుగా ఫోనులో పేరు రాయించుకోవాలి. మన వంతు వస్తే ఫలానా రోజు, ఫలానా గంటకు రమ్మని ఫోనుకే కబురు వస్తుంది. చల్లటి హాలు, దూరం దూరంగా కుర్చీలు. ఎవరూ ఎవరినీ తోయరు. పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారట. ఆమె ఇంటి మేడం, అయ్యగారు, మేడం తల్లి ముగ్గురూ మొదటి నెలలోనే వేయించుకున్నారు.

"మరి నువ్వెందుకు వేయించుకోలా?" అని అప్పట్లో అడిగాను.

"పేరు రాసినారు సిస్టర్. ముందు ఆ దేశమోళ్లు, ఆ ముసలోళ్లు. ఇంటి పన్లోళ్లం మేము యాడనో వెనకాల ఉంటాం. నా నంబరు వచ్చేలోపల నేనీడికి వచ్చేసినా" అంది, అదేమంత పెద్ద విషయం కానట్టు.

నాకప్పుడు ఆశ్చర్యమేసింది. ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరి కంచాలూ ముట్టుకునే మనిషి వరసలో చివరన ఎలా ఉంటుంది? అయితే ఆ ఆశ్చర్యం ఎన్నాళ్లో నిలవలేదు. మన దగ్గర మొదలైన తరువాత మన పద్ధతి చూసి నోరు తెరవాల్సి వచ్చింది.

మా దగ్గరికి రెండు రకాలు వచ్చేవి. పేర్లు నోరు తిరగక చిన్న సీసా, పెద్ద సీసా అనుకునేవాళ్లం. చిన్న సీసాలో పది మందికి సరిపడా మందు. పెద్దది ఇరవై మందికి. ఏ రోజు ఏది వస్తుందో ఐస్ పెట్టె తెరిచేదాకా మాకూ తెలీదు. ఏది వస్తే అది వేయడమే. హైస్కూలు వరండాలో కుర్చీలు వేసి, టోకెన్లు ఇచ్చి, ఎండలో గొడుగులు పట్టుకున్న ముసలివాళ్లను పేరు పేరునా పిలిచి వేసేవాళ్లం. తోపులాట ఉండేది. అయినా ఎవరిని ఎవరి తరువాత పిలవాలో మా చేతిలో ఉండేది.

తరువాత వయసులో ఉన్నవాళ్లకు కూడా వేయమన్నారు. దానికి ఫోనులో స్లాటు పట్టాలి. మొదటి రోజు పొద్దున నేను వరండా తాళం తీసేసరికి బడి ముందు కార్లు నిలబడి ఉన్నాయి. నెల్లూరు నుంచి వచ్చినవి కొన్ని, తమిళనాడు నంబరువి రెండు. చలువ కళ్లద్దాలు పెట్టుకున్న జంటలు దిగి ఫోన్లు చూపించారు. అందరికీ మా ఊళ్లో స్లాట్లు. స్లాట్లు తెరిచిన రెండు నిమిషాల్లో అయిపోయాయట. మా ఊరి రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లు, పడవలవాళ్లు గేటు బయట నిలబడి చూస్తున్నారు.

"ఏంది సిస్టరమ్మా, మా ఊరి మందు మాకు లేదంటే ఎట్టా?" అని ఒక పడవ మనిషి అడిగాడు. ఆ రోజు వేసిన సూదులన్నీ ఊరు తెలియని భుజాలకే వేశాను. ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. ఇరవై రెండేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆపాకు మాత్రం దానికి ముందే, టోకెన్ల రోజుల్లోనే వేశాను. ఆ రోజు వచ్చింది పెద్ద సీసా. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతూ ఆమె అడిగింది. "సిస్టర్, ఇది కువైట్‌లో చెల్లుద్దా?"

నేను నవ్వాను. "మందు యాడైనా మందే ఆపా. జబ్బుకి దేశాలుండాయా?" అన్నాను.

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. నెల తిరిగాక రెండోది కూడా నేనే వేశాను. సర్టిఫికెట్ ప్రింటు తీసి ఇచ్చి, జాగ్రత్తగా పెట్టుకోమన్నాను.

ఇప్పుడు ఆ ప్రింటు, ఆ ఫోను రెండూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. నేను మా డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె రెండూ పోల్చి చూసింది.

"చిన్న సీసా దాంట్లో ఉంది. పెద్ద సీసా లేదు" అంది.

"మళ్లీ చిన్న సీసా వేసేద్దామా మేడం?"

"రెండూ అయిపోయినట్టు ఆధార్ మీద ఎక్కిపోయింది కదమ్మా. మూడోది ఎక్కించేదానికి కంప్యూటర్ ఒప్పుకోదు. ఎక్కించకుండా వేస్తే మన ఉద్యోగాలు పోతాయి."

ఆపా గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. "సరేలే సిస్టర్, మీకు తెలిసి చేసినారా" అని ఫోను జాకెట్టులో దోపుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రెండు మూడు వారాలు గడిచాయి. ఒకరోజు డాక్టరమ్మ పిలిచి కృష్ణపట్నం రేవు దాకా వెళ్లి రావాలంది. ఒక ఓడలో మన దేశపు పనివాళ్లు ఏడుగురున్నారు. వాళ్లు కిందికి దిగడానికి అనుమతి లేదు. ఓడ మీదికే వెళ్లి వేసి రావాలి. అక్కడ ఉండే నర్సుకు ఒంట్లో బాగాలేదట.

"చిన్న సీసా తీసుకుపోమ్మా. పెద్దది వద్దు" అంది.

"ఎందుకు మేడం?"

"ఓడల వాళ్లకు బయటి దేశాల్లో చెల్లేదే వేయాలని రాసినారు."

నేను అక్కడే నిలబడిపోయాను. ఏ దేశంలో ఏ టీకా చెల్లుతుందో తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారన్నమాట. తెలిసి, కాగితం మీద రాసి, ఓడల వాళ్లకు చెప్పారు. మా ఊరి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌లో వంటలు చేస్తున్నారో, పిల్లల్ని పెంచుతున్నారో ఎవరికి తెలీదు? వాళ్ల గురించి ఒక్క ముక్క రాసిన కాగితం మా ఆసుపత్రికి రాలేదు. ఆ మాట డాక్టరమ్మతో అన్నాను. "నాకు మాత్రం తెలుసా అమ్మా" అంది. ఆమె మొహం కూడా వాడిపోయింది.

ఓడ ఎక్కడం నాకు అదే మొదటిసారి. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా ఓడలు నాకు దూరంగా కనిపించే దీపాలే. తాళ్లు కట్టిన ఇనుప మెట్ల మీద, ఒక చేత్తో ఐస్ పెట్టె పట్టుకుని, కిందికి చూడకుండా ఎక్కాను. బొగ్గు పొడి గాలిలో ఎగిరి మాస్కు మీద పడుతోంది. వాళ్లు అన్నం తినే గదిలో నాకు బల్ల వేశారు. నాతో వచ్చిన కంప్యూటర్ ఆపరేటర్ ల్యాప్‌టాప్ తెరిచి జాబితా చూసి పేర్లు పిలిచాడు.

ఏడుగురిలో ఒకాయన ఓడలో వంటమనిషి. భీమిలి దగ్గర ఊరు. నలభై దాటిన మనిషి. తెలుగు వినిపించేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిది నెలలుగా నేల మీద కాలు పెట్టలేదట.

"ఏ రేవుకెళ్లినా ఇంతేనమ్మా. సరుకు దింపుతారు, మమ్మల్ని దింపరు. మేం రోగాలోళ్లమని ఆళ్లకి బయం, ఆళ్లు రోగాలోళ్లని మాకు బయం" అన్నాడు.

ఏడు సూదులూ అరగంటలో అయిపోయాయి. సీసాలో ఇంకా మూడు డోసులు మిగిలాయి. ఒకసారి సీసా తెరిస్తే నాలుగు గంటల్లోపల వాడేయాలి. లేకపోతే పారేయాలి. నేను తెరిచింది పదకొండు దాటి పది నిమిషాలకు.

అప్పుడు తలుపు దగ్గర ఒక మనిషి కనిపించాడు. పొడుగాటి ఆఫ్రికా మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో. నూనె మరకల బట్టలు. ఇంజను గదిలో పని. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. లోపలికి రాలేదు. నేను తల ఎత్తగానే తన చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం చూపించి, కళ్లతోనే అడిగాడు.

వంటాయన అతనితో ఇంగ్లిషులో కాసేపు మాట్లాడి నా వైపు తిరిగాడు.

"ఇతను మన జాబితాలో లేడు కదమ్మా. మిగిలితే తనకో సూది ఏస్తారా అని అడుగుతున్నాడు."

"వాళ్ల దేశంలో వేయలేదా?"

వంటాయన అడిగాడు. అతను నవ్వాడు. నవ్వి, చాలాసేపు చెప్పాడు. వంటాయన వింటూ వింటూ మధ్యలో నా వైపు ఒకసారి ఇబ్బందిగా చూశాడు.

"ఆళ్ల దేశానికి ఒక్కసారే వచ్చాయంటమ్మా మందులు. విమానంలో వస్తే మంత్రులు ఎదురెళ్లి దండలేసి తీసుకొచ్చారంట. ముందు ఆసుపత్రోళ్లకేసారంట. ఇతని తల్లి మీలాగే నర్సమ్మ, పురుళ్లు పోస్తాదంట. ఆవిడకి ఒకటేసారు. రెండోది ఇంతవరకు లేదు. నెలలైపోతున్నాయంట."

"ఎందుకు లేదు?"

"ఆ మందు ఎళ్లింది మన దేశం నుంచేనంటమ్మా. తరవాత మనోళ్లు పంపడం ఆపేసారంట."

ఆ మనిషి తన ఫోనులో ఒక ఫొటో తీసి నా ముందు పెట్టాడు. తల్లి టీకా కార్డు. చేత్తో రాసిన పేరు, తేదీ, పక్కన మందు పేరు. రెండో గడి ఖాళీ. మందు పేరు చదివి, నా ఐస్ పెట్టెలోని సీసా తీసి చూశాను. అదే మందు. తయారైంది కూడా మన దేశంలోనే.

వాళ్లకు రావలసిన సీసాలు ఆగిపోయిన నెలల్లో ఇక్కడ ఏం జరిగిందో నాకు తెలుసు. మా ఊళ్లో ఒకే ఇంట్లో నాలుగు రోజుల్లో అన్నదమ్ములిద్దరూ పోయారు. ఆక్సిజన్ కోసం నెల్లూరులో ఏ ఆసుపత్రి గుమ్మం ముందు ఎవరు ఎంతసేపు పడిగాపులు కాశారో చూశాను. బయటికి పంపడం ఆపారని అప్పుడు వార్తల్లో చెబితే మంచి పని చేశారనుకున్నాను. గట్టిగానే అన్నాను కూడా. ఆగిన సీసా ఎవరికి ఆగిందో ఆలోచించలేదు. పురుళ్లు పోసే ఒక నర్సమ్మ కార్డులో ఒక గడి ఖాళీగా ఉంటుందని నాకేం తెలుసు?

డాక్టరమ్మకు ఫోను చేశాను.

"లిస్టులో లేనోళ్లకి ఎట్టా వేస్తావమ్మా? ఎంట్రీ యాడ చేస్తావు?" అంది. "సాయంత్రానికి ఓడ పోతుందంటివి. సముద్రంలో అతనికి ఏదన్నా అయితే ఎవరు చూసేది? వద్దు తల్లీ. మనకెందుకు?"

ఆమె చెప్పింది తప్పు కాదు. సూది వేశాక అరగంట కూర్చోబెట్టి చూసేది అందుకే. ఫోను పెట్టేసి వంటాయనతో అన్నాను. "కుదరదంట. పేరు ఎక్కించకుండా వేస్తే కాగితం రాదు."

ఆయన ఆ మాట చెప్పాడు. ఆ మనిషి వెంటనే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"కాయితం ఒద్దంటమ్మా. మందు సాలంట."

సీసాను ఐస్ పెట్టెలో పెట్టి మూత వేశాను. ఆ మూత వేసినప్పుడు నా మనసులో ఉన్నది నియమం ఒక్కటే అయితే ఇంత కాలం తరువాత ఇది రాయవలసిన పని ఉండేది కాదు. నాకు ఆపా గుర్తొచ్చింది. చిన్న సీసా. మూడు డోసులు. టైముంది. నా వల్ల ఒక మనిషి బతుకుదెరువు ఆగిపోయింది, ఇప్పుడు అది సరిదిద్దే మందు నా చేతిలో ఉంది అనుకున్నాను. ఓడ మీది మనిషికి నియమం చెప్పిన నేనే ఆపా కోసం ఆ నియమం దాటడానికి సిద్ధపడ్డాను. అప్పుడు నాకు ఆ తేడా కనిపించలేదు.

ఆ మనిషి మడిచిన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. నాకు మెట్లు దిగడం కష్టమని ఐస్ పెట్టె తనే అందుకుని, కింద దాకా మోసి, నేల మీద కాలు పెట్టకుండా చివరి మెట్టు మీద నిలబడి నాకు అందించాడు. "థాంక్యూ మదర్" అన్నాడు. ఎందుకు థాంక్యూ చెప్పాడో ఇప్పటికీ తెలియదు.

వ్యానులో తిరిగి వస్తుంటే డ్రైవరును తొందరపెట్టాను. కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీల వెనక చిక్కుకున్నప్పుడల్లా వాచీ చూసుకున్నాను. ఆపరేటర్‌ను ఆసుపత్రి దగ్గర దింపి, నేను పెట్టె పట్టుకుని నేరుగా బజారులోకి నడిచాను. టైలరు గారి దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. రెండున్నర అయింది. ఆపా మధ్యాహ్నం నమాజు చేసుకుని చాప చుడుతోంది. ఆయన ముందు గదిలో మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతున్నారు.

తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాను. "ఆపా, చిన్న సీసా తెచ్చినా. ఎవురికీ చెప్పబాక. ఇప్పుడే వేసేస్తా."

ఆపా పెట్టె వైపు చూసింది. నా వైపు చూసింది. ఆమె మొహంలో ఆశ కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు.

"కాగితం వస్తుందా సిస్టర్?"

"కాగితం రాదు ఆపా. మందు వేస్తా."

"కాగితం లేకుండా సూది నాకెందుకు?"

అర్థం కాక ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చాప మీద కూర్చోబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"జబ్బు రాకుండా ఉండేదానికి ఆ రెండు సూదులు చాలని మీరే కదా చెప్పినారు? చాలవా?"

"చాలు ఆపా. అదీ మంచి మందే."

"మరి? కువైట్‌లో దిగితే వాళ్లు నా చెయ్యి విప్పి చూస్తారా, సూది గుచ్చినారా లేదా అని? ఫోన్లో పచ్చగా వస్తదా ఎర్రగా వస్తదా, అది చూస్తారు. నా ఒంట్లో మందు లేదని వాళ్లు ఆపలేదు సిస్టర్. కాగితంలో పేరు లేదని ఆపినారు."

మిషను చప్పుడు ఆగింది. టైలరు గారు కూడా వింటున్నారని తెలిసింది. ఇరవై రెండేళ్లు మందు వేసి కాగితం రాసినదాన్ని. మందు, కాగితం రెండూ ఒకటేననుకున్నదాన్ని. చదువు లేని ఆపా నాకు ఆ రెంటినీ విడదీసి చూపించింది.

"ఇది యాడ నుంచి తెచ్చినారు సిస్టర్?" అని అడిగింది.

చెప్పాను. ఓడ, ఏడుగురు, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి, అతని తల్లి కార్డు. కాగితం వద్దు మందు చాలు అన్నాడని కూడా చెప్పాను. ఆ మాట వినగానే ఆపా లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచగా నేను వినడం అదే మొదటిసారి.

"ఆ బిడ్డకు వేసి రావాల్సింది కదా! అతను అడగతా ఉంటే వదిలేసి, అడగని నాకు తెస్తావా? పోయి వేసి రాపో సిస్టర్. టైముందా?"

టైము లేదు. మూడు కావస్తోంది. కృష్ణపట్నం చేరేసరికి మందు పారేయాల్సిన మందు అవుతుంది. నేను బజారులో పడి మూడు భుజాల కోసం వెతికాను. కిరాణా కొట్టులో అడిగాను, బస్టాండులో అడిగాను. అందరికీ ఒకటి అయిపోయింది, రెండోదానికి ఇంకా గడువుంది. మొదటిది వేసుకోనివాళ్లు కొందరున్నారు కానీ వాళ్లు ఆ సమయానికి గుంటల మీద, పడవల మీద ఉన్నారు. మూడు దాటి పది నిమిషాలైంది. ఆసుపత్రికి వచ్చి వాడేసిన సీసాల డబ్బాలో దాన్ని వేశాను. రిజిస్టరులో వృథా అనే గడిలో మూడు అని రాసి సంతకం పెట్టాను. ఎప్పుడూ రాసే గడే.

ఆపా మళ్లీ కువైట్ వెళ్లలేదు. నెలల తరువాత పెద్ద సీసా కూడా చెల్లుతుందని అన్నారు. ఆమె పరుగెత్తుకుని మేడంకు ఫోను చేసింది. మేడం బాధపడిందట కానీ అప్పటికే వేరే దేశం నుంచి ఒకామెను తెచ్చుకుంది. ఆపా ఇప్పుడు దగ్గర్లో రొయ్యలు శుభ్రం చేసే ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పొద్దున్నే కంపెనీ బస్సు వస్తుంది. మంచు నీళ్లలో చేతులు పెట్టి పెట్టి వేళ్లు పాలిపోయాయి. కువైట్ ఇంటి చిన్న పిల్ల అప్పుడప్పుడు వీడియోలో కనిపించి అరబ్బీలో ఏదో అడుగుతుంది. నీ వంట కావాలని అడుగుతోందని ఆపా నాకు చెప్పింది.

ఓడ వంటాయన ఆ రోజు నా నంబరు తీసుకున్నాడు, తెలుగులో మాట్లాడుకోవడానికని. ఏడాది తిరిగాక ఒక రోజు ఫోను చేశాడు. భీమిలిలో ఇంటికి చేరానని సంతోషంగా చెప్పాడు. నేను ఆగలేక అడిగాను. "ఆ ఇంజను గది అబ్బాయి ఎట్టా ఉన్నాడు?"

"బాగున్నాడమ్మా. ఆడికి సూది పడిపోయింది. ఇక్కణ్ణించి ఎళ్లిన రెండు నెలలకి ఒక దేశంలో రేవుకెళ్లాం. అక్కడ డాక్టర్లు ఓడ ఎక్కీసి అందరికీ ఏసేసారు. ఒకటే సూది, రెండోది అక్కర్లేదన్నారు. నువ్వే దేశపోడివని ఎవల్నీ అడగలేదమ్మా. అసలు పేరు కూడా సరిగ్గా రాసుకున్నారో లేదో!"

"సూదులేశాక ఓడ వెంటనే బయల్దేరిందా?"

"ఆ పూటే. మరేటి, ఎవలికీ ఏటీ అవలేదు."

కుదరదనుకున్నది ఇంకో రేవులో కుదిరింది. ఏ జాబితా లేకుండా, ఎవరి ఉద్యోగం పోకుండా.

"వాళ్లమ్మకు?" అన్నాను.

"తెలీదమ్మా. ఆడు వేరే ఓడకి మారిపోయాడు. నంబరు కూడా మారిపోయింది."

మరునాడు ఆసుపత్రిలో పని తగ్గాక ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు అప్పుడే తెలుసమ్మా" అంది. "కొన్ని దేశాల్లో ఓడల మీదికి పోయి అందరికీ వేస్తుండారని నువ్వు రేవుకి పోయిన వారంలోనే పేపర్లో చదివినా. నువ్వు ఫోను చేసినప్పుడు గుర్తుంది. అయినా వద్దన్నా."

"ఎందుకు మేడం?"

"భయం" అంది.

ఆ రోజు పెట్టె మూత వేసింది మాత్రం నేను. బయట వరండాలో ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. ఇద్దరం ఒకేసారి లేచాం.